ఐదు గొంతులు... ఐదు సమాన వాటాలు

పత్రికలో వచ్చిన ఓ చిన్న ప్రకటన ఆ ఐదుగురినీ ఒకచోటికి చేర్చింది. ‘మీరు ఇలా ఉండాలి’ అని చెప్పినవాళ్లకి నమస్కారం పెట్టి వాళ్లు తమ దారి తాము చూసుకున్నారు. 1996లో వచ్చిన ‘స్పైస్’ వాళ్ల తొలి ఆల్బమ్. ప్రపంచవ్యాప్తంగా 2 కోట్ల 30 లక్షలకు పైగా కాపీలు అమ్ముడైన ఆ పది పాటల వెనకున్న కథ ఇది.

1995 మార్చి. ఐదుగురు అమ్మాయిల ముందు ఒప్పందం కాగితాలున్నాయి. సంతకాలు పెడితే చాలు, కెరీర్ మొదలైనట్టే. ఏడాదిగా వాళ్లని ఓ ఇంట్లో ఉంచి, పాట నేర్పించి, డాన్సు నేర్పించి, ఖర్చులు భరించిన సంస్థే ఆ కాగితాలు తయారుచేయించింది. ఆ సంస్థకి తన లెక్కలు తనకున్నాయి. ఈ పిల్లలు చెప్పినట్టు వినాలి, ఇచ్చిన పాట పాడాలి, అందరూ ఒకేలాంటి బట్టలు వేసుకోవాలి. ఐదుగురూ కూడబలుక్కున్నారు. ఇవాళా రేపూ అంటూ సంతకాలు వాయిదా వేస్తూ వచ్చారు. చివరికి అప్పటిదాకా రికార్డు చేసిన పాటల టేపులు పట్టుకుని ఆ సంస్థ నుంచి బయటపడ్డారు. ఇరవై ఏళ్ల అటూ ఇటూ వయసు. చేతిలో డబ్బు లేదు, మేనేజరు లేడు, రికార్డు కంపెనీ లేదు.

స్పైస్ గర్ల్స్ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది పొట్టి గౌనులు, ముద్దుపేర్లు, పెప్సీ ప్రకటనల దగ్గర మొదలుపెడతారు. నా మటుకు నాకు వాళ్ల అసలు కథ ఈ కాగితాల దగ్గరే మొదలవుతుంది. ఆ రోజు సంతకాలు పడివుంటే ఆల్బమ్ అయితే వచ్చేదేమో కానీ, ఇప్పుడు మనం వింటున్న ‘స్పైస్’ మాత్రం వచ్చేది కాదు.

ప్రకటన చూసి వచ్చినవాళ్లు

1994 తొలినాళ్లకి వెళ్దాం. బ్రిటన్‌లో ‘ద స్టేజ్’ అనే పత్రిక ఉంది. నాటకాల్లో, డాన్సు బృందాల్లో అవకాశాలు వెతుక్కునేవాళ్లంతా చదివే పత్రిక. ఆ ఒప్పందం కాగితాల సంస్థని నడిపే బాబ్ హెర్బర్ట్, ఆయన కొడుకు క్రిస్ హెర్బర్ట్ అందులో ఓ ప్రకటన ఇచ్చారు. పద్దెనిమిది నుంచి ఇరవైమూడేళ్ల వయసుండి, పాటా డాన్సూ వచ్చి, చొరవ ఉన్న అమ్మాయిలు కావాలని దాని సారాంశం. అప్పట్లో బ్రిటన్ పాప్ మార్కెట్ అంతా అబ్బాయిల బృందాలదే. టేక్ దట్ పోస్టరు లేని ఆడపిల్ల గది ఉండేది కాదన్నా పెద్ద అబద్ధం కాదు. ఆడపిల్లలు డబ్బు పెట్టి కొనేది మగపిల్లల పాటలనే, ఆడవాళ్ల బృందాన్ని కొనేవాళ్లుండరు అని రికార్డు కంపెనీలూ టీనేజీ పత్రికలూ గట్టిగా నమ్మేవి. తండ్రీకొడుకులు దానికి ఎదురీదాలనుకున్నారు. ఆ ఆలోచన వాళ్లది. ఆ ఖ్యాతి వాళ్లకి దక్కాల్సిందే.

లండన్‌లోని డాన్స్‌వర్క్స్ స్టూడియోలో మార్చి 4న ఆడిషన్లు జరిగాయి. సుమారు నాలుగు వందల మంది వచ్చారు. లీడ్స్ నుంచి వచ్చిన మెలానీ బ్రౌన్ (మెల్ బి) విట్నీ హ్యూస్టన్ పాట పాడింది. లివర్‌పూల్ దగ్గరి నుంచి వచ్చిన మెలానీ చిజమ్ (మెల్ సి) పాయింటర్ సిస్టర్స్ పాట ఎత్తుకుంది. ఆమె తల్లి కూడా గాయనే. నాటక కళాశాలలో చదువుకున్న విక్టోరియా ఆడమ్స్ ‘కాబరే’ సినిమాలోని ఓ పాట పాడింది. వాట్‌ఫర్డ్‌కి చెందిన జెరి హాలివెల్ అసలు ఆ రోజు రానేలేదు. తర్వాతి విడతలో వచ్చి, తన మాటకారితనంతోనే చోటు సంపాదించుకుంది. చిజమ్‌కి ఆ రెండో విడత నాటికి గొంతు నొప్పి పట్టుకుంది. ముందు ఎంపిక చేసిన అమ్మాయిని తప్పించారు కాబట్టి ఆమె లోపలికొచ్చింది గానీ, లేకపోతే ఈ బృందంలో అందరికంటే బలమైన గొంతు మనకి దొరికేదే కాదు.

ఐదో అమ్మాయి మిషెల్ స్టీఫెన్సన్. కొన్ని నెలలకే బయటికి వెళ్లిపోయి చదువు కొనసాగించింది. ఆ సమయంలో ఆమె తల్లికి జబ్బు చేసింది. ‘ఎంత అదృష్టం చేజార్చుకుందో’ అంటూ ఆమె మీద జాలిపడుతూ రాసిన వ్యాసాలు కుప్పలుగా ఉన్నాయి. అమ్మ జబ్బుతో ఉన్నప్పుడు అమ్మ దగ్గరుండాలనుకోవడంలో జాలిపడాల్సిందేముందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఆమె స్థానంలోకి ఎమా బంటన్ వచ్చింది. అందరిలోకీ చిన్నది. పల్చటి, తియ్యటి గొంతు.

అప్పటికి బృందం పేరు ‘టచ్’. లండన్‌కి పడమర ఉన్న మేడెన్‌హెడ్ ఊళ్లో ఓ ఇంట్లో అందరినీ కలిపి ఉంచారు. వోకింగ్ దగ్గరి ట్రినిటీ స్టూడియోలో రోజూ సాధన. పెపి లెమర్ అనే శిక్షకురాలు గొంతులు సరిచేసేది. తొలి రోజుల్లో వాళ్ల పాట వినసొంపుగా లేదనే ఆమె చెప్పింది. ఐదుగురికీ ఐదు శ్రుతులు, ఐదు యాసలు. ఆ ఇంట్లో గదుల కోసం, బాత్రూము కోసం, పాటలో లైను కోసం పోట్లాడుకున్నారు. పోట్లాడుకుంటూనే స్నేహితులయ్యారు. ఒకేలాంటి దుస్తులు వేసుకోవడం ఇష్టం లేదని తేల్చుకున్నదీ, తమ పాటలు తామే రాసుకోవాలన్న పట్టుదల పుట్టిందీ అక్కడే. ప్రకటన ఇచ్చినవాళ్లు ఐదుగురు ఉద్యోగినులను ఎంచుకున్నామనుకున్నారు. ఒకే కప్పు కింద ఏడాది ఉంచేసరికి అదో జట్టయింది.

తలుపు తట్టిన రోజులు

1994 డిసెంబరులో లండన్‌లోని నోమిస్ స్టూడియోలో సంగీత రంగం పెద్దల ముందు ఓ ప్రదర్శన ఏర్పాటు చేయించుకున్నారు. పాటల రచయితలు, నిర్మాతలు, కంపెనీల ప్రతినిధులు వచ్చారు. అక్కడే వీళ్లు రిచర్డ్ స్టానర్డ్ కంటపడ్డారు. ఆయనా, ఆయన భాగస్వామి మాట్ రో కలిసి అప్పుడప్పుడే పాటలు కట్టి పేరు తెచ్చుకుంటున్నారు. వీళ్లలో ఎవరు బాగా పాడతారని ఆయన చూడలేదు. వీళ్లు గదిలోకి వస్తే గది ఎలా మారిపోతోందో చూశాడు.

సంతకాలు పెట్టకుండా బయటపడ్డాక జెరి, మెల్ బి కలిసి కారేసుకుని షెఫీల్డ్ వెళ్లారు. అక్కడ ఎలియట్ కెన్నెడీ అనే నిర్మాత ఉంటాడని తెలుసు. ఇల్లెక్కడో తెలియదు. ఎలాగో వెతికి పట్టుకుని తలుపు తట్టారు. మాకు మేనేజరు లేడు, డబ్బూ లేదు, కానీ మీతో కలిసి పాటలు రాయాలి అని అడిగారు. ఆయన సరేనన్నాడు. ‘సే యు విల్ బీ దేర్’, ‘లవ్ థింగ్’ పాటల్లో ఆయన చెయ్యి ఉంది. తర్వాత పాల్ విల్సన్, ఆండీ వాట్కిన్స్‌ల జంట కలిసింది. ‘ఆబ్సొల్యూట్’ పేరుతో పనిచేసే ఈ ఇద్దరికీ అమెరికన్ ఫంక్, సోల్ సంగీతమంటే ప్రాణం. వాళ్ల ద్వారానే మేనేజరు సైమన్ ఫుల్లర్ పరిచయమయ్యాడు. అదే ఏడాది వర్జిన్ రికార్డ్స్‌తో ఒప్పందం కుదిరింది. ఈసారి కాగితాల మీద సంతకాలు పెట్టారు. తమ షరతులకి ఒప్పుకున్నాకే పెట్టారు.

ఈ మధ్యలోనే వాళ్లు తీసుకున్న ఓ నిర్ణయం గురించి తీరిగ్గా చెప్పుకోవాలి. పాట ఎవరు రాసినా, ఎవరి లైను ఎక్కువున్నా, ఎవరు తక్కువ పాడినా, రచయితలుగా ఐదుగురి పేర్లూ ఉండాలి. వచ్చే డబ్బు ఐదుగురికీ సమానంగా పంచాలి. విని వదిలేయాల్సిన చిన్న విషయం కాదిది. పాప్ సంగీతంలో అసలు సంపాదన రచయిత వాటాలో ఉంటుంది. రికార్డు అమ్మితే వచ్చే డబ్బులో కంపెనీ ఖర్చులు పోను గాయకులకి మిగిలేది తక్కువ. పాట రేడియోలో మోగినా, టీవీలో వచ్చినా, సినిమాలో వాడుకున్నా, పాతికేళ్ల తర్వాత ఎవరో ప్రకటనకి తీసుకున్నా రచయితకి మాత్రం వాటా వస్తూనే ఉంటుంది. జగడాలు మొదలయ్యేదీ అక్కడే. ‘ఈ పాట నాది, నీ పేరెందుకు’ అన్న మాటతో చీలిపోయిన బృందాలకి లెక్కలేదు.

ఈ ఐదుగురి గొంతులు సమానం కాదు. వాళ్లకీ తెలుసు. పాట ఆఖర్లో స్థాయి పెంచి పైకి లాక్కుపోవాలంటే మెల్ సి కావాలి. బరువూ మొరటుదనమూ కావాలంటే మెల్ బి. మెత్తదనం ఎమాది. జెరికి శ్రుతి మీద పెద్ద పట్టు లేదు కానీ, మాటల్లో ఆలోచనలు ఎక్కువగా ఆమెవే. విక్టోరియాకి ఈ ఆల్బమ్‌లో దక్కిన సోలో లైన్లు తక్కువ. అయినా వాటా ఒక్కటే. ఈ ఆల్బమ్‌కి సంబంధించి నాకు అన్నిటికంటే ఎక్కువ గౌరవం ఉన్న విషయం ఇదే.

రెండు నిమిషాల యాభైమూడు సెకన్లు

ముందు పరిగెత్తే అడుగుల చప్పుడు. వెంటనే మెల్ బి నవ్వు. ఆ తర్వాతే సంగీతం. ‘వానబీ’ అలా మొదలవుతుంది. అంటే పాట కంటే ముందు మనుషులు వచ్చేస్తారు.

లండన్ షోర్‌డిచ్‌లోని స్ట్రాంగ్‌రూమ్ స్టూడియోలో ఆ పాట పుట్టింది. మాట్ రో ఓ డ్రమ్ మెషిన్ మీద లయ ఒకటి వేశాడు. వింటే ‘గ్రీజ్’ సినిమాలోని హుషారు పాట గుర్తొచ్చేలా ఉందట. అమ్మాయిలు అప్పటికే తమలో తాము అనుకున్న మాటలు, ఆటపట్టించుకునే మాటలు, అర్థంపర్థం లేని ఓ కూత కలిపి దాని మీద పోశారు. అరగంటలో పాట తయారైంది. గొంతులు రికార్డు చేయడానికి గంట కూడా పట్టలేదంటారు. ఆ రోజు విక్టోరియా ఓ పెళ్లికి వెళ్లడంతో స్టూడియోకి రాలేకపోయింది. ఆమె ఫోన్లో వింటూ ఉంటే మిగతా నలుగురూ పంచుకుని పాడేశారు. అందుకే ఆ పాటలో ఆమెకి విడిగా లైను లేదు. రచయితగా పేరు మాత్రం ఉంది.

పాట చెప్పేది ఒక్కటే. నాతో ప్రేమ నడపాలనుకుంటే ముందు నా స్నేహితురాళ్లతో కుదురుకో. ప్రేమికులు వస్తారు, పోతారు. స్నేహం ఉంటుంది. 1996 అంటే మన దగ్గర ‘ప్రేమదేశం’ వచ్చిన ఏడాది. రెహమాన్ కట్టిన ముస్తఫా పాట తెలుగునాట కాలేజీల వీడ్కోలు సభలన్నిటికీ జాతీయగీతమైంది. అది ఇద్దరు మగపిల్లల స్నేహం. మధ్యలో ఉన్న అమ్మాయి ప్రేమకి కారణం, గొడవకి కారణం. మన పాటల్లో స్నేహం అనగానే మగపిల్లలే గుర్తొస్తారు. బ్రిటన్ టాప్ జాబితాల్లోనూ అప్పటి పరిస్థితి అంతకంటే గొప్పగా లేదు. అమ్మాయిలు పాడేది అబ్బాయి గురించే. వచ్చాడనో, పోయాడనో. స్నేహితురాలిని పాట మధ్యలో కూర్చోబెట్టి, అబ్బాయిని గుమ్మం దగ్గర నిలబెట్టి షరతు చెప్పడం కొత్త.

ఆ పాటని తొలి సింగిల్‌గా విడుదల చేయడం కంపెనీ పెద్దలకి ఇష్టం లేదు. మరీ అల్లరిగా ఉందన్నారు. కాస్త పద్ధతిగా ఉన్న పాటతో మొదలుపెడదామన్నారు. అమెరికా తరహా మెరుగులు దిద్దిస్తే అదీ కుదరలేదు. చివరికి మార్క్ ‘స్పైక్’ స్టెంట్ చేతికిచ్చారు. బ్యోర్క్, మాసివ్ అటాక్ లాంటివాళ్లతో పనిచేసిన సౌండ్ ఇంజినీరు ఆయన. గొంతుల్ని ముందుకి తెచ్చి, అనవసరమైన బరువంతా తీసేశాడు. ‘మొదట వచ్చేది ఇదే’ అని ఐదుగురూ పట్టుబట్టి కూర్చున్నారు. వీడియో చిత్రీకరణ 1996 ఏప్రిల్‌లో, సెయింట్ పాంక్రస్ స్టేషన్‌కి ఆనుకుని అప్పట్లో ఖాళీగా పడి ఉన్న మిడ్‌ల్యాండ్ గ్రాండ్ హోటల్లో జరిగింది. దర్శకుడు యోహాన్ కామిట్జ్. మెట్ల మీద పరుగులు, బల్లల మీద గెంతులు. ఎక్కడా కత్తెర పడనట్టే ఉంటుంది. చీకటిగా ఉందని కంపెనీకి అదీ నచ్చలేదు. కానీ ‘ద బాక్స్’ అనే ఛానల్ ఉండేది. అక్కడ ఏ పాట వేయాలో ఫోను చేసి చెప్పేది ప్రేక్షకులే. వాళ్లు ఈ పాటే కావాలని మళ్లీ మళ్లీ అడిగారు. చివరికి వారంలో డెబ్బై సార్లు వేయాల్సి వచ్చింది.

జులై 8న సింగిల్ విడుదలైంది. బ్రిటన్ జాబితాలో మూడో స్థానంలో అడుగుపెట్టి, మరుసటి వారం మొదటి స్థానానికెళ్లి, ఏడు వారాలు అక్కడే కూర్చుంది. అమెరికాలో 1997 ఫిబ్రవరిలో నంబర్ వన్ అయ్యి నాలుగు వారాలు నిలిచింది. 2014లో మాంచెస్టర్‌లోని సైన్స్ మ్యూజియం ఓ ఆన్‌లైన్ ఆట పెట్టింది. పాట చిన్న ముక్క వినిపిస్తే ఎంత త్వరగా గుర్తుపడతారన్నది పరీక్ష. పన్నెండు వేల మందికి పైగా పాల్గొన్నారు. ‘వానబీ’ని జనం సగటున 2.29 సెకన్లలో పట్టేశారు. మిగతా పాటలన్నీ దాని తర్వాతే.

మిగిలిన తొమ్మిది

‘స్పైస్’ ఆల్బమ్ ముందుగా సెప్టెంబరులో జపాన్‌లోనూ, 1996 నవంబరు 4న బ్రిటన్‌లోనూ వచ్చింది. పది పాటలు, నలభై నిమిషాలు. ‘టచ్’ పేరు మార్చుకున్నాక బృందం పేరు మొదట ‘స్పైస్’ మాత్రమే. అమెరికాలో ఆ పేరుతో ఓ రాపర్ ఉండటంతో ‘గర్ల్స్’ చేరింది. పాత పేరు ఆల్బమ్‌కి మిగిలింది.

‘సే యు విల్ బీ దేర్’ దగ్గర ఓ క్షణం ఆగాలి. నిదానమైన ఫంక్ లయ మీద గొంతులు ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. మధ్యలో మౌత్ ఆర్గాన్ వినపడుతుంది. వాయించింది జడ్ లాండర్. కల్చర్ క్లబ్ వాళ్ల ‘కర్మా కమీలియన్’లో వాయించిందీ ఆయనే. ఆఖరి నిమిషంలో మెల్ సి పల్లవి మీద నుంచి పైపైకి అల్లుకుంటూ వెళ్తుంది. ‘వీళ్లకి పాడటం రాదు’ అన్న మాట ఎవరన్నా ఈ పాట వినిపిస్తే సరిపోతుంది.

‘టు బికమ్ వన్’ మంద్రంగా సాగే ప్రేమగీతం. వినడానికి మెత్తగా ఉన్నా, అందులో ఓ జాగ్రత్త ఉంది. జంట దగ్గరయ్యేటప్పుడు రక్షణ మరిచిపోకూడదన్న మాటని ఎమా ఎలాంటి తడబాటూ లేకుండా పాడేస్తుంది. ఎయిడ్స్ భయం ఇంకా తాజాగా ఉన్న రోజులు. పదేళ్ల పిల్లలు సైతం వింటున్న పాటలో ఆ మాట పెట్టడానికి ధైర్యం కావాలి. 1996 క్రిస్మస్ నాడు బ్రిటన్‌లో నంబర్ వన్ ఆ పాటే.

‘మామా’ గురించి విమర్శకులు పెదవి విరిచారు. మితిమీరిన సెంటిమెంటన్నారు. నేను ఒప్పుకోను. మెల్ బికి తల్లితో సరిపడని రోజుల్లోంచి వచ్చిన పాట అది. అప్పట్లో నువ్వు నాకు శత్రువులా కనిపించావు, ఇప్పుడర్థమవుతోందని కూతురు తల్లికి చెప్పుకోవడం. ఆ మాట సెంటిమెంటు కాకుండా ఇంకెలా చెప్పాలి? వీడియోలో ఐదుగురి తల్లులూ కనిపిస్తారు. ఒక్కొక్కరినీ చూస్తే కూతురికి ఆ మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఇక ‘లాస్ట్ టైమ్ లవర్’, ‘సమ్‌థింగ్ కైండా ఫనీ’ లయ వరకు బాగుంటాయి, గుర్తుండవు. ‘నేకెడ్’ ఏదో లోతుగా చెప్పబోయి మధ్యలో వదిలేస్తుంది. చివరిపాట ‘ఇఫ్ యు కాంట్ డాన్స్’లో జెరి కాసేపు తల్లి భాష స్పానిష్‌లో దంచుతుంది. సరదాగా ఉంటుంది, అంతే. పదిలో ఆరు పాటలు గట్టివి. తొలి ఆల్బమ్‌కి ఇది మంచి లెక్కే.

‘ఫీడ్ యువర్ లవ్’ అని మరో పాట కూడా ఈ బృందం రాసి, రికార్డు చేసింది. పిల్లలు వినే ఆల్బమ్‌కి శృంగారం ఎక్కువైందని పక్కన పెట్టేశారు. ఆల్బమ్‌కి పాతికేళ్లు నిండిన సందర్భంగా 2021లో తెచ్చిన ప్రత్యేక సంచికలో అది బయటికొచ్చింది.

పేరు పెట్టి పిలిచారు

ఈ కథలో నాకు మింగుడుపడని ముక్క ఒకటుంది. ‘స్కేరీ’, ‘స్పోర్టీ’, ‘బేబీ’, ‘జింజర్’, ‘పాష్’ అనే పేర్లు ఐదుగురూ పెట్టుకున్నవి కావు. 1996 వేసవిలో ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ పత్రిక సంపాదకుడు పీటర్ లొరెయిన్ పెట్టినవి. పేజీ కోసం సరదాగా రాసిన పేర్లు నిలిచిపోయాయి. వ్యాపారానికి అవి ఎంత పనికొచ్చాయో చెప్పనక్కర్లేదు. ప్రతి పాపా తనకి నచ్చిన అక్కని ఎంచుకుంది. బొమ్మలు, పెన్సిలు పెట్టెలు, చిప్స్ పొట్లాలు అమ్ముడయ్యాయి. కానీ బృందంలో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి మూలాల అమ్మాయికి ‘భయపెట్టేది’ అన్న పేరు పెట్టడంలో ఏదో తేడా ఉందని ఆనాడు చాలామందికి తట్టలేదు. మెల్ బి తండ్రి కరీబియన్ దీవుల నుంచి వచ్చినవాడు. గట్టిగా మాట్లాడే తెల్లపిల్ల అయితే ఆ పేరు వచ్చేదా? ఈ ప్రశ్న తర్వాతి కాలంలో అడిగారు. ఆలస్యంగా అడిగినా అడగడం మంచిదే.

పత్రికలు వాళ్ల ఒంటి కొలతల గురించి రాసినంత పాటల గురించి రాయలేదు. ఆ రోజుల్లో తిండి మానేసి, వ్యాయామంతో ఒళ్లు హూనం చేసుకుని, కుంగుబాటులోకి జారిపోయిన సంగతి మెల్ సి తర్వాత ఆత్మకథలో రాసుకుంది. ‘ఆటగత్తె’ అని ఊరంతా పిలిచిన అమ్మాయి కథ ఇది.

‘గర్ల్ పవర్’ నినాదం సంగతీ అంతే. ఆ మాట వీళ్లు కనిపెట్టింది కాదు. తొంభైల మొదట్లో అమెరికాలో పంక్ సంగీతం వాయించే అమ్మాయిలు చేత్తో రాసి, జిరాక్సు తీసి పంచుకున్న చిన్న పత్రికల్లో ఉంది. అక్కడ దాని వెనక కోపం ఉంది, రాజకీయం ఉంది. స్పైస్ గర్ల్స్ చేతికొచ్చేసరికి టీషర్టు మీది రాత అయిందన్న విమర్శ అబద్ధం కాదు. 1996 చివర్లో ‘స్పెక్టేటర్’ పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్‌ని తొలి స్పైస్ గర్ల్ అంటూ పొగిడినప్పుడు, ఆమెతో పోరాడి ఓడిన గని కార్మికుల ఊళ్లలో ఎంతమంది నొచ్చుకునివుంటారో. అయినా ఒక మాట. చేత్తో రాసిన ఆ చిన్న పత్రికలు చేరని ఊళ్లకి, చేరని ఇళ్లకి, ఏడేళ్ల పిల్లల దాకా ఆ రెండు పదాలు చేరింది వీళ్ల ద్వారానే. ఆ పిల్లల్లో ఉత్తర లండన్‌కి చెందిన గాయని అడెల్ ఒకతె. తన మీద వీళ్ల ప్రభావం గురించి ఆమె ఎన్నోసార్లు చెప్పింది.

అంకెలు, ఆ తర్వాత

‘స్పైస్’ బ్రిటన్ ఆల్బమ్ జాబితాలో మొత్తం పదిహేను వారాలు మొదటి స్థానంలో ఉంది. అమెరికాలో అయిదు వారాలు. 1997లో అక్కడ అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ అదే. ఆల్బమ్ నుంచి వచ్చిన నాలుగు సింగిల్సూ బ్రిటన్‌లో నంబర్ వన్‌లే. తొలి నాలుగు సింగిల్సూ అగ్రస్థానానికి చేరడం అంతకు ముందు ఎవరికీ సాధ్యపడలేదు. నాలుగోదైన ‘మామా’, ‘హు డు యు థింక్ యు ఆర్’ జంట సింగిల్‌ని ‘కామిక్ రిలీఫ్’ సేవాసంస్థ కోసం విడుదల చేశారు. 1997 ఫిబ్రవరి బ్రిట్ అవార్డుల రాత్రి జెరి వేసుకున్న బ్రిటిష్ జెండా గౌను పత్రికలన్నిటికీ ఎక్కింది. ఆ జెండాని కుట్టింది డిజైనరు కాదు. నల్ల గౌను మీద జెండా బొమ్మున్న వంటింటి తువ్వాలు పెట్టి ఆమె అక్క కుట్టిచ్చింది. మరుసటి ఏడాది వేలంలో దానికి 41 వేల పౌండ్లకి పైగా పలికింది.

1997 నవంబరులో రెండో ఆల్బమ్ వచ్చింది. ఆ నెలలోనే మేనేజరు ఫుల్లర్‌ని వద్దనుకున్నారు. 1998 మే నెలాఖరున జెరి వెళ్లిపోయింది. తొలి పాట విడుదలై రెండేళ్లు కూడా నిండలేదు.

వీళ్ల విజయం చూశాక బృందాన్ని తయారుచేయడమే ఓ టీవీ కార్యక్రమమైంది. 1999లో న్యూజిలాండ్‌లో మొదలైన ‘పాప్‌స్టార్స్’ దేశదేశాలకీ పాకింది. 2002లో మన దేశంలో ఛానల్ వీ ఆ పోటీ పెట్టి ‘వివా’ అనే ఐదుగురు అమ్మాయిల బృందాన్ని తయారుచేసింది. ఆల్బమ్ వచ్చింది, పాట మోగింది, కొన్నేళ్లకే బృందం చెదిరిపోయింది. అందులోని నేహా భసీన్ తెలుగువాళ్లకి పరిచితమైన గొంతే. ‘1 నేనొక్కడినే’లో దేవిశ్రీప్రసాద్ సంగీతంలో పాడింది. మన దగ్గర గాయనికి దారి చివరికి సినిమా పాటలోకే వెళ్తుంది. అమ్మాయిలు నలుగురైదుగురు కలిసి తమ పాటలు తామే రాసుకుని, తమ పేరు మీద తెచ్చిన తెలుగు ఆల్బమ్ ఇంటింటా మోగే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను. ఇప్పుడు పాట విడుదల చేయడానికి కంపెనీ తలుపు తట్టక్కర్లేదు. అలాంటి పని మొదలుపెట్టే అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే, రచయితల పేర్లూ వాటాలూ మొదటి రోజే కాగితం మీద రాసుకోండి.

ఈ ఆల్బమ్ ఇంతవరకు విననివాళ్లు ‘వానబీ’ దగ్గరే ఆగిపోవద్దు. ఏడో పాట దాకా వెళ్లండి. ‘హు డు యు థింక్ యు ఆర్’. డెబ్బైల డిస్కో లయ, బాకాల మోత, ఐదు గొంతులూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి పల్లవిలో ఒక్కటవుతాయి. పేరు ప్రతిష్ఠలు తలకెక్కినవాళ్ల మీద రాసిన పాట. ఇంకా ఏ పేరూ రాని రోజుల్లో రాసుకున్నారు. ఆల్బమ్ మొత్తానికి అదే ఉత్తమమైన పాట.